సమాంత రేఖలు

బుధవారం. పొద్దున మబ్బు, పది దాటాక ఎండ. నందిగామలో మందుల షాపు షట్టరుకి రెండో కోటు వేశాను. పదకొండు గంటలకు ఫోను. టీచరుగారు పోయారు.

ఆ రోజు నా పుస్తకంలో ఇంతే ఉంది. ఏ వారం, ఎండా వానా, ఏ పని చేశాను అని రోజూ నాలుగు ముక్కలు రాసుకోవడం నాకు ముప్పై ఏళ్ళ అలవాటు. గోడల మీదా షట్టర్ల మీదా అక్షరాలు రాసి, బొమ్మలు వేసి బతికేవాణ్ణి. ఏ రంగు ఏ ఎండలో వేశానో రాసుకోకపోతే అది ఎందుకు పగిలిందో తర్వాత తెలియదు. అలా మొదలైంది. ఏం చేశానో రాసుకున్నాను గానీ ఏమనుకున్నానో అందులో ఎప్పుడూ రాయలేదు. మాటల్లోనూ అంతే. నాతో మాట్లాడటం కంటే గోడతో మాట్లాడటం నయమని మా ఇంట్లో అంటారు.

టీచరుగారి దగ్గర లెక్కలు చదువుకున్నవాళ్ళంతా కలిసి ఆమె జ్ఞాపకంగా ఈ చిన్న పుస్తకం వేస్తూ నన్నూ రాయమన్నారు. నేను ఆమె బడిలో చదవలేదు. ఏడో తరగతితో చదువు మానేసినవాణ్ణి. జగ్గయ్యపేటలో ఆమె పక్కింటివాణ్ణి, అంతే. నావల్ల కాదని చెప్పేవాణ్ణే. కానీ ఆమె పోయేముందు నన్నొక ప్రశ్న అడిగారు. జవాబు నాకు తెలుసు. నేర్పింది ఆవిడే. అయినా భయమేసి చెప్పలేదు. అది ఎక్కడో ఒకచోట చెప్పుకోవాలి.

ఆమె ఇంకా ఉద్యోగంలో ఉన్నప్పుడు వాళ్ళ బడి ప్రహరీగోడ మీద బొమ్మలు వెయ్యడానికి నన్ను పిలిచారు. ఒక పొడుగాటి రోడ్డు, రెండు పక్కలా చెట్లు వేశాను. మధ్యాహ్నం గొడుగు వేసుకుని టీచరుగారు వచ్చి వెనక నిలబడ్డారు.

"ఏమయ్యా పెయింటరూ, ఈ రోడ్డు ఎటు పోద్ది?"

"దూరంగా పోద్దండి."

"దూరంగానా? నిచ్చెన లాగా నిలబడి ఉంది కదయ్యా. ఎక్కి గోడ దూకడానికా?"

వెంట ఉన్న టీచర్లు పడిపడి నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆమె మాత్రం నవ్వలేదు. "సాయంత్రం ఇంటికి రా. పక్కిల్లేగా, చార్జీ అవసరం లేదు" అన్నారు.

టీచరుగారి ఇల్లు వెడల్పు తక్కువ, పొడుగెక్కువ. వీధి గుమ్మంలో నిలబడితే పెరటి గుమ్మం కనిపిస్తుంది. కింద నాపరాళ్ళు. నన్ను గుమ్మంలో నిలబెట్టి, రాళ్ళ మధ్య పొడుగునా సాగిన రెండు అతుకులు చూపించారు.

"ఈ రెండిటికీ మధ్య ఇక్కడ ఎడం ఎంత?"

"రెండడుగులండి."

"అక్కడ, పెరటి గుమ్మం దగ్గర?"

"అక్కడా రెండే. రాయి మారలేదు కదండీ."

"నీ కంటికి?"

చూశాను. అక్కడ అవి దగ్గరైపోయి ఉన్నాయి. రోజూ చూసే ఇల్లే, కానీ అంతకుముందు ఎప్పుడూ చూడలేదు.

"ఈ ఇల్లు నందిగామ దాకా ఉందనుకో?"

"ఇంకా దగ్గరవుతాయండి."

"ఇంకా పొడుగుంటే?"

వంగి మళ్ళీ అతుకుల వెంట చూశాను. "కలుస్తాయి" అన్నారు ఆమె. "ఆ కలిసే చోట మేకు కొట్టు. దారాలన్నీ దానికే కట్టు. నీ రోడ్డు బుద్ధిగా పడుకుంటది."

మర్నాడు గోడ చెరిపేసి అలాగే చేశాను. నీలి పొడి పూసిన దారం మేకుకు కట్టి, రెండో కొస లాగి పట్టి, మధ్యలో వేలితో ఎత్తి వదిలితే గోడ మీద సన్నటి గీత పడుతుంది. అలా రోడ్డు అంచులు, చెట్ల మొదళ్ళు, చెట్ల తలలు అన్నీ ఆ ఒక్క మేకు నుంచే లాగాను. రోడ్డు గోడలోంచి లోపలికి వెళ్ళిపోయింది. టీచరుగారు గొడుగు మూసి, "ఇప్పుడు నడవచ్చు" అన్నారు.

నా భయం అక్కడే మొదలైంది. ఆ తర్వాత నందిగామ అవతల కీసర దగ్గర హైవే పక్కన ఒక హోటలుకి పెద్ద గోడ ఒప్పుకున్నాను. మేకు కొట్టాను, దారాలు లాగాను, చెట్లు వేసుకుంటూ పోయాను. మేకు దగ్గరికి వచ్చేకొద్దీ చెట్టు జానెడైంది, బెత్తెడైంది, గోరంతయింది, ఆ తర్వాత కుంచె మొనకు కూడా అందలేదు. చివరికి మేకు పీకితే గోడలో చిన్న చిల్లు మిగిలింది. నిచ్చెన మీదే ఆగి ఆ చిల్లు చూశాను. రోడ్డు మీద ఉన్నవన్నీ అందులోకే పోతున్నాయి. నా చేత్తో నేనే వాటిని అక్కడికి పంపించాను. నిచ్చెన దిగి కాసేపు కూర్చుని, మళ్ళీ ఎక్కి, ఆ చిల్లు కనబడకుండా దాని మీద ఒక లారీ వేశాను.

ఆ రోజు నుంచి ఏ గోడ మీద రోడ్డు వేసినా ఆ చోట ఒక లారీ పెట్టాను. హోటలు ఓనరు నన్ను ఆట పట్టించేవాడు. "నీ లారీకి డ్రైవరు లేడా ఏంది గురూ? ఏ ఊళ్ళో చూసినా రోడ్డుకి అడ్డంగా అక్కడే ఆగి ఉంటది."

టీచరుగారు నవ్వుతాలుగా తీసుకోలేదు. "దేన్ని మూస్తున్నావు?" అని అడిగారు.

"ఏం లేదండి. నిండుగా ఉంటదని."

"భయమా?"

ఆమె పుట్నాలపప్పు డబ్బా నా ముందుకు జరిపారు. ఏదైనా కష్టమైన సంగతి చెప్పేముందు ఆమె ఆ డబ్బా జరిపేవారు. "నాకూ భయమే" అన్నారు. "దానికి అనంత బిందువు అని పేరు. సమాంతరంగా పోయే గీతలన్నీ కలిసే చోటు."

"అది ఎక్కడుందండి?"

"ఎక్కడా లేదు. ఏ ఊరి పొలిమేరలోనూ లేదు. ఉందని ఒప్పుకుంటే మాత్రం లెక్కలన్నీ సరిగ్గా కూర్చుంటాయి."

"లేనిదానికి పేరెందుకండి?"

"పేరు పెడితే భయం పోదు. పిలవడానికి ఉంటది."

ఆ మాట నాకు అప్పుడు అర్థం కాలేదు.

ఆ ఏడాదే ఆమె పట్టుబట్టి నాచేత పదో తరగతి పరీక్షకు కట్టించారు. నలభై దాటినవాణ్ణి, రంగు చేతులతో సాయంత్రాలు వెళ్ళి కూర్చునేవాణ్ణి. అరిగిపోయిన సుద్దముక్కలన్నీ ఒక బిస్కెట్ డబ్బాలో దాచుకునేవారు ఆమె. నాపరాళ్ళ మీదే లెక్క వేసి, తడిగుడ్డతో నాచేతే తుడిపించేవారు. తప్పు చేస్తే కోప్పడేవారు కాదు. "నిలబెట్టి చూడు" అనేవారు. అంటే మొదటి నుంచి మళ్ళీ చెయ్యమని.

ఒకసారి నా నోటుపుస్తకం దిద్దుతూ ఆగారు. ఒక పేజీ నిండా నేను 'సమాంత రేఖలు' అని రాశాను. ప్రతిచోటా 'ర' లేదు.

"ఇదేంటయ్యా?"

"అవేనండి. మీరు చెప్పినవే."

"సమాంతర. సమ, అంతరం. అంతరమంటే ఎడం. వాటి మధ్య ఎడం ఎప్పుడూ ఒకటే కాబట్టి ఆ పేరు. నువ్వేమనుకున్నావు?"

"అంతం ఒకటే అనుకున్నానండి. చివరికి ఒకేచోట కలుస్తాయన్నారుగా, అందుకని."

ఆమె ఎర్రకలంతో మొదటి మాటలో 'ర' చేర్చారు. మిగతావి దిద్దలేదు. కలం మూత పెట్టి, చాలాసేపు పెరటి గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నారు.

టీచరుగారి భర్త సంగతి ఇక్కడ చెప్పాలి. ఆయన్ని మేము సారు అనేవాళ్ళం. పోస్టాఫీసులో పనిచేసేవారు. టీచరుగారు పరీక్షల డ్యూటీలో ఉన్న ఒక పొద్దున ఆయనకు గుండెనొప్పి వచ్చింది. ఆయన తమ్ముళ్ళు కారులో హైదరాబాదు తీసుకెళ్ళారు. పరీక్ష అయ్యాక సాయంత్రం బస్సుకు బయల్దేరదామని ఆమె సంచి సర్దుకున్నారు. ఆ బస్సు ఎక్కే పని పడలేదు. మధ్యాహ్నానికే దారిలో అయిపోయింది. కారు హైవే ఎక్కి ఎడమకు కోదాడ వైపు తిరిగింది అని ఎవరో చెప్పిన మాట తప్ప ఆమెకు దక్కిందేమీ లేదు.

ఆ తర్వాత ఆమె ఆ వైపు వెళ్ళలేదు. కోదాడ మాకు కూతవేటు. బట్టలకైనా పళ్ళ డాక్టరుకైనా సగం జగ్గయ్యపేట అటే పోతుంది. ఆమె మాత్రం సూదీదారానికి కూడా ఇటు బెజవాడ వైపు నందిగామ బస్సెక్కేవారు. అటువైపు పెళ్ళి పిలుపు వస్తే "ఎండగా ఉందిలే" అనేవారు. క్రిస్మస్ ముందు చలిలో కూడా అదే మాట. మేమెవరమూ నవ్వేవాళ్ళం కాదు.

'ర' దిద్దిన కొన్నాళ్ళకు ఒక సాయంత్రం నడకకు నన్నూ రమ్మన్నారు. హైవే పక్క చిన్న రోడ్డు మీద నడుస్తున్నాం. ఆమె ఎప్పటిలాగే నందిగామ వైపు మొహం పెట్టి నడుస్తున్నారు. నాకొక అనుమానం చాలారోజులుగా తొలుస్తోంది. అడిగాను.

"టీచరుగారూ, గీతకు రెండు కొసలు ఉంటాయి కదండీ. మరి అనంత బిందువులు రెండుండాలిగా? హైదరాబాదు వైపు ఒకటి, బెజవాడ వైపు ఒకటి."

ఆమె ఆగిపోయారు. "ఒకటే" అన్నారు.

"అదెట్టా అండీ? అదటు, ఇదిటు."

"రోడ్డుకి ఈ అంచు ఒక గీత, ఆ అంచు ఒక గీత. వేరువేరు గీతలు రెండు ఎన్నిచోట్ల కలవగలవు?"

"ఒక్కచోటే. రెండుచోట్ల కలిస్తే అవి రెండు గీతలు కావు, ఒకటే అయిపోద్ది."

"మరి ఇవి అటూ కలుస్తున్నాయి, ఇటూ కలుస్తున్నాయి."

నేను అటు చూశాను, ఇటు చూశాను. రెండు వైపులా లారీలు చిన్నవై, చుక్కలై, లేకుండా పోతున్నాయి.

"అంటే ఆ రెండుచోట్లూ ఒకచోటే అవ్వాలండీ" అన్నాను. అన్నాక ఇంకోసారి వెనక్కి తిరిగి చూశాను. వీపు వెనక ఉన్నదే ఎదురుగా కూడా ఉంది. ఎటు పరిగెత్తినా దాని దగ్గరికే.

"అవ్వాలి" అన్నారు టీచరుగారు. "నాకిది ఇరవయ్యో ఏట నుంచీ తెలుసు. బుర్రకి తెలుసు. కాళ్ళకే తెలియట్లేదు." ఆ రోజు మొదటిసారి ఆమె వెనక్కి తిరిగి కోదాడ వైపు చూశారు. నడవలేదు. చూశారు, అంతే.

ఇంటికొచ్చాక నా నోటుపుస్తకం తెమ్మన్నారు. ఎర్రకలంతో తాను చేర్చిన 'ర'ను తానే కొట్టేశారు.

"తప్పు రాసి నిజం చెప్పావు. ఇలాగే ఉండనీ. పరీక్షలో మాత్రం 'ర' పెట్టు. సమాంతర రేఖలు ఎన్నిచోట్ల కలుస్తాయని పరీక్షలో అడిగితే సున్నా రాయి. నేను అడిగితే ఒకటి అను."

పరీక్షలో అడిగారు. సున్నా రాశాను. పాసయ్యాను.

ఆమె అడిగింది ఫోను వచ్చిన ఆ బుధవారానికి ముందటి ఆదివారం. తెల్లారేసరికి ఆయాసం ఎక్కువైంది. ఇంట్లో ఆమె మేనకోడలు తోడుంటుంది, ఆమెకూ బడి ఉద్యోగమే. గోడ మీద నుంచి "అన్నయ్యా!" అని అరిచింది. అంబులెన్సు వచ్చింది. ఆసుపత్రులతో ఫోనులో మాట్లాడటానికి ఆ అమ్మాయి డ్రైవరు పక్కన కూర్చుంది. నేను వెనక టీచరుగారి దగ్గర కూర్చున్నాను. బండి హైవే ఎక్కి నందిగామ వైపు తిరిగింది.

అంబులెన్సులో మనిషిని తల ముందుకు, కాళ్ళు తలుపు వైపుకు పెట్టి పడుకోబెడతారు. తల కింద ఎత్తు పెట్టడం వల్ల టీచరుగారికి వెనక తలుపు అద్దాలు తిన్నగా కనిపిస్తున్నాయి. ఆ అద్దాల్లో మేము వదిలి వచ్చిన రోడ్డు. బండి బెజవాడ పోతోంది, ఆమె హైదరాబాదు వైపు చూస్తున్నారు. కూర్చుంటే నేలా ఆకాశమూ కలిసే ఆ దూరపు గీత కిందికి దిగుతుందనీ, నిలబడితే మనతో పాటు పైకి లేస్తుందనీ ఆమే ఒకప్పుడు చెప్పారు. పడుకున్న మనిషికి అది ఎక్కడుంటుందో ఆ రోజు వంగి ఆమె కళ్ళ ఎత్తులో చూశాను. కాళ్ళ దగ్గరే ఉంది. చూసి చప్పున లేచి కూర్చున్నాను.

కీసర దగ్గర బళ్ళు ఆగాయి. నేను వేసిన గోడ అక్కడే ఎక్కడో ఉండాలి. టీచరుగారు నా చెయ్యి పట్టుకున్నారు. వేళ్ళు చల్లగా ఉన్నాయి. ఆక్సిజన్ మాస్కు కొంచెం పక్కకు జరుపుకున్నారు.

"ఆయన అటు పోయాడు. నన్ను ఇటు తీసకపోతున్నారు."

నేను మాస్కు సర్దబోయాను. ఆమె తల తిప్పేశారు.

"ఎన్ని అయ్యా? ఒకటేనా, రెండా?"

ఒకటి అనాలి. ఒక్క మాట. నోటిదాకా వచ్చింది. కానీ ఒకటి అంటే, అవునండీ మీరు అక్కడికే పోతున్నారు అని నేను ఒప్పుకున్నట్టు. రెండు అంటే, ఆయన మీకు ఇక దొరకరు అన్నట్టు. నా కళ్ళు ఆ అద్దంలో లారీ కోసం వెతికాయి. మా వెనక ఆగినవన్నీ చిన్న కార్లే, వాటి పైన అద్దంలో ఆ చోటు ఖాళీగానే ఉంది.

"మాట్లాడకండి టీచరుగారూ, ఆయాసం వచ్చిద్ది" అన్నాను.

ఆమె నా మొహంలోకి చూశారు. తప్పు లెక్క చూసినప్పటి చూపే. కోపం లేదు. నిలబెట్టి చూడు అంటారేమో అనుకున్నాను. మాస్కు పెట్టనిచ్చారు. బండి కదిలింది. బెజవాడలో లోపలికి తీసుకెళ్ళినవాళ్ళు మళ్ళీ నన్ను రానివ్వలేదు. ఆమెకు మళ్ళీ తెలివి రాలేదు. నేను తిరిగొచ్చి, ఒప్పుకున్న షట్టరు పని మొదలుపెట్టాను. బుధవారం ఫోను వచ్చింది.

ఆ తర్వాత నెల రోజులు నేను హైవే వైపు వెళ్ళలేదు. నందిగామ పని ఉంటే లోపలి ఊళ్ళ మీదుగా తిరిగి పోయాను. మా తమ్ముడు ఎందుకని అడిగితే "హైవే మీద ఎండ ఎక్కువ" అన్నాను. అన్నాక, ఆ మాట ఎవరిదో గుర్తొచ్చింది.

సారు సమాధి పక్కనే టీచరుగారి సమాధి కట్టారు. గ్రానైటు మీద మిషను రాత వద్దని మేనకోడలు నా దగ్గరికి వచ్చింది.

"నువ్వే రాయాలన్నయ్యా. అత్తయ్య ఎప్పుడూ అనేది, పెయింటరు మాట్లాడడు గానీ వాడి అక్షరం మాట్లాడుద్ది అని."

సరే అన్నాను. ఆమె వెళ్ళబోతూ ఆగింది.

"కీసర దగ్గర ఆగినప్పుడు అత్తయ్య నీతో ఏదో అంటోంది. నేను ఫోనులో ఉన్నా, వినపళ్ళేదు. ఏమంది?"

"ఏం లేదమ్మా. లెక్కల సంగతి."

"అప్పుడు కూడానా!" అని నవ్వింది. నవ్వుతూనే చెంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. ఆ అమ్మాయికి కూడా నేను పూర్తిగా చెప్పలేదు. ఈ పుస్తకం చేతికొచ్చాక చదువుతుంది.

ఇవాళ వెళ్ళాను. సమాధుల దొడ్డి హైవేకి కాస్త ఇవతల, మెరక మీద ఉంది. సారు సమాధి పాతబడి నల్లగా ఉంది, ఆమెది కొత్త సున్నంతో తెల్లగా. రెండూ పక్కపక్కన, మధ్య రెండడుగుల ఎడం. మేస్త్రీ దారం పట్టి కట్టాడు, ఎక్కడా వంకర లేదు. ఆమె పేరు, కింద బైబిలు వాక్యం రాయడం మధ్యాహ్నానికి అయిపోయింది.

సామాను సర్దుకుని కాళ్ళ వైపు నిలబడి చూశాను. రెండు సమాధుల అంచులూ దూరం పోయేకొద్దీ దగ్గరవుతున్నాయి. వాటిని చూపుతోనే పొడిగించాను. దొడ్డి గోడ దాటి, జొన్నచేను దాటి, కోదాడ వైపు హైవే మీద ఒక చోటుకు పోయాయి. ఆ చోట సరిగ్గా ఒక లారీ ఆగి ఉంది. నా ప్రాణం కుదుటపడింది. నేను పెట్టకపోయినా ఎవరో పెట్టారు అనుకున్నాను. చుట్టూ తిరిగి తలల వైపు వెళ్ళి, నందిగామ వైపు చూశాను. అటూ కలుస్తున్నాయి. అటు అడ్డం ఏమీ లేదు. భయం పోలేదు. కానీ అక్కడే నిలబడ్డాను.

మళ్ళీ కాళ్ళ వైపుకు వచ్చేసరికి డ్రైవరు టీ తాగడం అయినట్టుంది, లారీ కదిలింది. మెల్లగా చిన్నదవుతూ, చుక్కయి, పోయింది. ఆ చోటు తెరిచి ఉంది. దొడ్డిలో ఎవరూ లేరు. "ఒకటేనండీ" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

నా రోజువారీ పుస్తకంలో ఇవాళ్టిది ఇంకా రాయలేదు. రాసి ముగిస్తాను.

శనివారం. ఎండ, సాయంత్రం గాలి. టీచరుగారి సమాధి మీద అక్షరాలు రాశాను. నల్లరంగు, రెండు కోట్లు. తిరిగి హైవే మీదుగానే వచ్చాను. కుంచెలు కడిగాను.